గది, ఓడ, అడవి, కొండ: స్పెషల్ ఫోర్సెస్ తుపాకీ, సామగ్రి ఎంచుకునే లెక్క

స్పెషల్ ఫోర్సెస్ రైఫిళ్లలో అమెరికా ఎం4ఏ1 మేలా, జర్మనీ హెచ్‌కే416 మేలా, ఇజ్రాయెల్ టావోర్ మేలా అన్న వాదన తెల్లవార్లూ సాగుతుంది, తేలదు. అదే మాట ఆయుధాలు విప్పి బిగించే ఆర్మరర్‌ని అడిగితే ఎదురు ప్రశ్న వేస్తాడు: "ఎక్కడికి తీసుకెళ్తారు?" గదిలోకా, ఓడ మీదికా, అడవిలోకా, లోయకు అవతలి కొండ మీదికి కాల్చడానికా. ఆ జవాబు దొరికితే తూటా తేలుతుంది. తూటా తేలితే బ్యారెల్ పొడవు తేలుతుంది. తుపాకీ మీద ఏ కంపెనీ ముద్ర ఉందన్నది వరసలో చివరికొస్తుంది. ఈ పోలిక కూడా ఆ వరసలోనే.

ముందే ఒక మాట. 1959 ఆయుధాల చట్టం కింద మన దేశంలో ఆటోమేటిక్ తుపాకులు పౌరులకు నిషేధం. కాబట్టి దీన్ని కొనుగోలు సలహా అనుకోవద్దు. బలగాలు ఏం చూసి ఎంచుకున్నాయో, ఎక్కడ బోల్తా కొట్టాయో తెలుసుకోవాలనుకునేవాళ్లకీ, రేపు ఆ ఉద్యోగాల్లో చేరి ఇచ్చిన సామాను మోయాల్సినవాళ్లకీ రాసినది.

దూరం, తూటా, బ్యారెల్

5.56×45 తూటాలో (మొదటి అంకె బుల్లెట్ లావు, రెండోది కేసు పొడవు, మిల్లీమీటర్లలో) బుల్లెట్ బరువు దాదాపు 4 గ్రాములు. అంత చిన్న దానికి ఉన్న బలమంతా వేగమే. 20 అంగుళాల ఎం16 బ్యారెల్ నుంచి అది సెకనుకు సుమారు 940 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. 14.5 అంగుళాల ఎం4 నుంచి 880 దగ్గర, దాని పొట్టి రూపమైన 10.3 అంగుళాల ఎంకే18 నుంచి 790 దగ్గర. 5.56లో పాత మామూలు బుల్లెట్ ఎం855 అనుకున్నట్టు పనిచేయాలంటే తగిలే చోట వేగం 800 దాటి ఉండాలి. అంటే పొట్టి తుపాకీ నోటి దగ్గరే గీత కిందికి వచ్చేసింది. బండి దిగడానికి, తలుపులో తిరగడానికి హాయిగా ఉంటుందని బ్యారెల్ కోసుకుంటే, కోసిన ముక్క ఖరీదు తూటా దగ్గర కట్టాలి. అమెరికా బలగాలు పొట్టి తుపాకులకి 77 గ్రెయిన్ల (సుమారు 5 గ్రాముల) ఎంకే262, తర్వాత ఎంకే318 తూటాలు వెతుక్కున్నది అందుకే. తూటా మార్చే వీలు లేని యూనిట్ బ్యారెల్ కోసుకోకపోవడమే మంచిది.

పనిని బట్టి చూస్తే, ఇళ్లు, ఓడలు, వాహనాల్లో 10 నుంచి 11 అంగుళాలు చాలు. అన్నిటికీ ఒకటే తుపాకీ మోయాలంటే 14.5. చెట్ల మధ్య చూపు వంద మీటర్లు దాటని చోట పొడవుకంటే తూటా బరువు ఎక్కువ పనికొస్తుంది. 7.62×39 ఏకే బుల్లెట్ సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 715 మీటర్ల దగ్గర. వెదురు పొదలు, కొమ్మలు అడ్డొచ్చే కూంబింగ్‌లో, దుమ్ములో, వానలో, తుడవకపోయినా కాల్చే ఆ తుపాకీని వదలడానికి ఇప్పటికీ చాలామంది ఇష్టపడరు. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ని నిలబెట్టినప్పటి నుంచి ఆ బలగం పని అడవిదే. గది కోసం తయారైన సామానుని అలాంటి పనికి తెచ్చి పోలిస్తే లెక్క తప్పుతుంది. ఏకే బలహీనత 300 మీటర్ల అవతల మొదలవుతుంది. బుల్లెట్ కిందికి జారడం అక్కడ బాగా పెరుగుతుంది.

లోయకు అవతలికి కాల్చాలంటే 7.62×51. 2019లో భారత సైన్యం 72,400 సిగ్716 రైఫిళ్లకు ఆర్డర్ ఇవ్వడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. ఖరీదు మాత్రం వీపు మీద పడుతుంది. 5.56 రౌండ్ ఒకటి 12 గ్రాములైతే ఇది దాదాపు 24. ఏడు మ్యాగజైన్ల లెక్కన 210 రౌండ్లంటే ఒకచోట రెండున్నర కిలోలు, ఇంకోచోట ఐదు, అదీ మ్యాగజైన్ల బరువు కలపకుండా. పైగా మ్యాగజైన్‌లో 30 బదులు 20. దళంలో అందరికీ 7.62 ఇవ్వడం కంటే ఇద్దరికి ఇచ్చి మిగతావాళ్లకి 5.56 ఇవ్వడమే ఎక్కువ చోట్ల కుదిరింది.

గ్యాస్ ఎక్కడికి పోతుంది

ఎం4ఏ1కీ హెచ్‌కే416కీ అసలు తేడా ఇక్కడుంది. ఎం4లో తూటా పేలిన గ్యాస్ బ్యారెల్ మీదున్న సన్నని స్టీలు గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్ట్ క్యారియర్ లోపలే విప్పారుతుంది (బోల్ట్ అంటే తూటా వెనక తలుపులా మూసుకునే ముక్క, క్యారియర్ దాన్ని ముందుకీ వెనక్కీ మోసేది). ముందు భాగంలో కదిలే బరువు ఉండదు. తుపాకీ తేలిక, గురి నిలకడ. కానీ ఆ వేడి, ఆ మసి అంతా బోల్ట్ ఉన్న గదిలోకే వస్తుంది. సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) పెట్టి రెండు మూడు వందల రౌండ్లు కాల్చాక బోల్ట్ బయటికి తీసి చూడండి. తోక దగ్గర, గ్యాస్ కారకుండా ఆపే రింగులకు వెనకాల, నల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. గోరుతో గీకితే రాదు. ఆ పెచ్చు వల్ల తుపాకీ ఆగిపోవడం అరుదు. నూనె ఆరిపోవడం వల్ల ఆగడమే ఎక్కువ. పరేడ్‌కి తుడిచినట్టు తెల్లగా, పొడిగా తుడిచి కాల్పులకి తీసుకెళ్లేవాళ్లకే స్టాపేజీలు (కాలుస్తుండగా ఆగిపోవడాలు) ఎక్కువ వస్తాయి. ఎం4కి మసి ఉన్నా ఫర్వాలేదు, తడి ఉండాలి.

ఎం4 చేతికి వచ్చినప్పుడు చూడాల్సినవి రెండు. క్యారియర్ మీద గొట్టం నుంచి గ్యాస్ అందుకునే ముక్కని, అంటే గ్యాస్ కీని, పట్టి ఉంచే రెండు స్క్రూల తలల పక్కన లోహాన్ని నొక్కి బిగించిన గుర్తులు ఉన్నాయా? లేకపోతే వేడికి స్క్రూ వదులై గ్యాస్ కారుతుంది, బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. రెండోది గ్యాస్ రింగులు. బోల్ట్‌ని ముందుకు లాగి, క్యారియర్‌ని బోల్ట్ ముఖం మీద నిలువుగా బల్ల మీద నిలబెట్టండి. తన బరువుకే క్యారియర్ కిందికి దిగిపోతే మూడు రింగులూ మార్చాలి. నిలబడితే ఇంకా నడుస్తుంది.

ఎంకే18 విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. బ్యారెల్ 10.3 అంగుళాలే కానీ గ్యాస్ రంధ్రం ఉన్నది ఎం4లో ఉన్న చోటే. ఎం4లో రంధ్రం దాటాక బుల్లెట్‌కి ఇంకా దాదాపు ఏడు అంగుళాల దారి ఉంటుంది, ఎంకే18లో రెండున్నర. బుల్లెట్ బయటపడితే ఒత్తిడి పడిపోతుంది కాబట్టి ఆ కొద్ది సమయంలో చాలినంత గ్యాస్ లాగడానికి రంధ్రాన్ని సుమారు 1.6 నుంచి 1.78 మిల్లీమీటర్లకు పెంచారు. దాని మీద సప్రెసర్ తగిలిస్తే ఒత్తిడి తగ్గే దారి మూసినట్టే. బోల్ట్ ఉండాల్సినదానికంటే వేగంగా వెనక్కి తంతుంది, ఖాళీ కేసు ఇంకా చాంబర్ (తూటా కూర్చునే చోటు) గోడలకు పట్టుకుని ఉండగానే కేసుని బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, లాగుతుంది. ముందు ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ అలసిపోతుంది, తర్వాత బోల్ట్ చెవుల్లో ఎక్స్‌ట్రాక్టర్ పక్కనున్న రెండిటి మొదట్లో వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. కనిపించిన రోజే బోల్ట్ మార్చాలి. రౌండ్ల లెక్క పుస్తకం రాయని యూనిట్‌కి ఎంకే18 ఇవ్వకూడదన్నది మా అభిప్రాయం.

హెచ్‌కే416లో గ్యాస్ ముందే ఆగిపోతుంది. బ్యారెల్ మీద చిన్న పిస్టన్, దాని వెనక కడ్డీ, ఆ కడ్డీ క్యారియర్‌ని తోస్తుంది. ఈ ఏర్పాటు అదే కంపెనీ పాత రైఫిల్ జి36 నుంచి వచ్చింది. తుపాకీ తయారైంది అమెరికా డెల్టా ఫోర్స్ అవసరాల మీద. నార్వే సైన్యం 2007లో, ఫ్రాన్స్ 2016లో ఎంచుకున్నాయి. అమెరికా మెరైన్ల ఎం27 కూడా ఇదే కుటుంబం. సప్రెసర్‌తో రాత్రంతా కాల్చినా బోల్ట్ గది శుభ్రంగా ఉంటుంది, కాల్చేవాడి కళ్లలోకి వచ్చే పొగ తక్కువ. నీళ్లలోంచి లేచి వెంటనే కాల్చాల్సిన వాళ్లకీ ఇదే మేలు. నీళ్లలో మునిగిన ఎం4 అయితే నోరు కిందికి వంచి, బోల్ట్‌ని చేత్తో లాగే చార్జింగ్ హ్యాండిల్ రెండు మూడు అంగుళాలు వెనక్కి లాగి, నీళ్లు కారనిచ్చి కాల్చాలి. ఆ రెండు సెకన్లు ఒడ్డున అందరికీ ఉండవు.

మరి అందరూ ఎందుకు మార్చుకోలేదు? బరువు. 14.5 అంగుళాల ఎం4 ఖాళీగా దాదాపు 2.9 కిలోలైతే అదే పొడవు హెచ్‌కే416 మూడున్నర. ఆ అదనపు ఆరు వందల గ్రాములు పిడి దగ్గర ఉంటే సర్దుకుపోవచ్చు, అవి ఎక్కువగా ముందు చేతి అవతలే ఉంటాయి. దాని మీద లేజర్, లైటు, సప్రెసర్ చేరాక పది నిమిషాలు భుజానికి ఎత్తి పట్టుకుంటే ఎడమ చెయ్యి చెబుతుంది. పిస్టన్ క్యారియర్‌ని పైనుంచి తోస్తుంది కాబట్టి దాని వెనక భాగం కిందికి వంగి పిడి లోపలి బఫర్ గొట్టం అంచుని రాస్తుంది. ఈ రకం తుపాకులన్నిటిలోనూ ఆ అంచు మీద మెరుపు గీతలు పడ్డాయేమో చూస్తూ ఉండాలి. మ్యాగజైన్లు ఎం4వే సరిపోతాయి, బ్యారెల్, బోల్ట్ క్యారియర్ సరిపోవు. విడిభాగాల సరఫరా లేని చోట ఇది పెద్ద మాట.

2007లో అమెరికా సైన్యం చేసిన దుమ్ము పరీక్ష అంకెలు ఈ వాదనలో ఎప్పుడూ పైకి వస్తాయి. ఒక్కో రకం 60,000 రౌండ్లు కాల్చితే స్టాపేజీలు ప్రయోగంగా చేసిన ఎక్స్ఎం8 రైఫిల్‌కి 127, కింద చెప్పబోయే స్కార్‌కి 226, హెచ్‌కే416కి 233, ఎం4కి 882. వినడానికి ఎం4 పని అయిపోయినట్టే ఉంటుంది. అదే ఏడాది వేసవిలో జరిగిన ఇలాంటి పరీక్షలోనే ఎం4కి వచ్చినవి మూడు వందల చిల్లర. పరీక్షకీ పరీక్షకీ అంత తేడా వచ్చిందంటే ఆ అంకెల మీద కోటలు కట్టకూడదు. 882 అన్నా వందకి ఒకటిన్నర. మా లెక్క ఇది: పొట్టి బ్యారెల్, ఎప్పుడూ సప్రెసర్, నీళ్లు, ఈ మూడిట్లో రెండు ఉంటే హెచ్‌కే416. లేకపోతే 14.5 అంగుళాల ఎం4ఏ1, అదీ గ్యాస్ రంధ్రాన్ని ముందుకు జరిపిన కొత్త పైభాగంతో (బ్యారెల్, బోల్ట్ ఉండే సగం). అమెరికా స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ 2010ల చివర్లో వెళ్లిన దారి అదే. రంధ్రం రెండు అంగుళాలు ముందుకు జరిగేసరికి ఒత్తిడి తగ్గి, బోల్ట్ మీద దెబ్బ తగ్గింది.

మిగతావి క్లుప్తంగా

స్కార్ కథ కొనుగోలు అధికారులు చదవాల్సినది. అమెరికా స్పెషల్ ఆపరేషన్స్ కమాండే 2003లో అడిగి, 2004లో బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ తుపాకీని, అంటే స్కార్‌ని, ఎంచుకుంది. 5.56లో ఎంకే16, 7.62లో ఎంకే17. 2010కి ఎంకే16 కొనడం ఆపేసింది. చేతిలో ఉన్న ఎం4 కంటే అది మంచిదే, కానీ మార్చుకునేంత మంచిది కాదు. ఎంకే17 మాత్రం నిలబడింది, ఎందుకంటే ఆ జాగాలో అప్పటికి అంత తేలికైన 7.62 లేదు. దాని లోపాలు రెండు. కాల్చినప్పుడల్లా చార్జింగ్ హ్యాండిల్ కూడా ముందుకీ వెనక్కీ కదులుతుంది, బొటనవేలు అడ్డం పెడితే తగులుతుంది. బరువైన క్యారియర్ ముందుకూ వెనక్కూ కొట్టే దెబ్బలకు పైనున్న సైట్లు, లేజర్లు త్వరగా పాడవుతాయి. గట్టి మౌంట్ లేకుండా దాని మీద ఖరీదైన సైటు పెట్టకూడదు.

టావోర్ ఎక్స్95 మనవాళ్లకి బాగా తెలిసినది. 2000లలో టావోర్ మన బలగాల్లోకి వచ్చింది. సైన్యం పారా ఎస్ఎఫ్, నౌకాదళం మార్కోస్, వైమానిక దళం గరుడ్ చేతుల్లో కనిపిస్తుంది, సీఆర్‌పీఎఫ్ దగ్గరా ఎక్స్95 ఉంది. మ్యాగజైన్ పిడి వెనకకు పోవడం వల్ల 330 మిల్లీమీటర్ల బ్యారెల్ మొత్తం 580 మిల్లీమీటర్ల తుపాకీలో ఇమిడిపోతుంది. 262 మిల్లీమీటర్ల బ్యారెల్ ఉన్న ఎంకే18 పిడి మూసినా 680 దగ్గర ఉంటుంది. జీపులోంచి, హెలికాప్టర్‌లోంచి దిగేవాడికి ఈ తేడా బంగారం. ఇబ్బంది మ్యాగజైన్ మార్చేటప్పుడు తెలుస్తుంది. చంక కింద చెయ్యి పెట్టి వెతకాలి, బోర్లా పడుకుని ఉంటే మరీ కష్టం. లోపలికి పొడవాటి కడ్డీ ఉండటంతో ట్రిగ్గర్ మెత్తగా, పిండి పిసికినట్టు ఉంటుంది. ఖాళీ కేసు చెంపకి దగ్గర్లో బయటపడుతుంది కాబట్టి కుడిచేతి అమరికలో ఉన్న తుపాకీని గోడ మూలకి ఎడమ భుజం మీదికి మార్చి కాల్చడం కుదరదు. ఎడమచేతి వాటం వాళ్లకి బోల్ట్ మార్చి అమర్చాలి. గదుల పనే ప్రధానమైతే ఈ ఒక్క కారణం చాలు, ఎం4 కుటుంబం వైపు మొగ్గడానికి. అదే వాహనం దిగి పొలాల్లోకి పరిగెత్తే పనికి ఎక్స్95కి సాటి తక్కువ.

జర్మనీ సబ్‌మెషిన్ గన్ ఎంపీ5 పాతబడిందని అనేవాళ్లు అది 1977 మొగదిషు, 1980 లండన్ ఇరాన్ రాయబార కార్యాలయం బందీల విడుదల నాటి తుపాకీ అంటారు, ఆ తర్వాత ఏమైందో చెప్పరు. ఎదుటివాడు బులెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకోవడం మొదలయ్యాక 9 ఎంఎం పిస్టల్ తూటా చాలలేదు, అంతే. బందీలు పక్కనే ఉన్న గదిలో, యాభై మీటర్లలోపు, అంత సాఫీగా కాల్చే తుపాకీ ఇంకోటి లేదు. ఎన్ఎస్‌జీ దాన్ని ఏళ్ల తరబడి ఉంచుకున్నది ఊరికే కాదు. వాడేవాళ్లు ఒకటి మర్చిపోతారు: బోల్ట్ తలకీ క్యారియర్‌కీ మధ్య సందు. ఫీలర్ గేజ్ పెడితే 0.10 నుంచి 0.50 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. దాని కంటే తగ్గిందంటే బోల్ట్‌ని పట్టి ఉంచే రోలర్లు అరిగాయి. పెద్ద రోలర్లు వేసుకోవాలి, అలాగే కాలుస్తూ పోకూడదు.

.300 బ్లాకవుట్ తూటా ఈ మధ్య మోజు. ఎం4 బోల్టూ మ్యాగజైనూ అలాగే ఉంచి బ్యారెల్ మారిస్తే చాలు, 9 అంగుళాల లోపలే మందు మొత్తం కాలిపోతుంది, ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే బరువైన సబ్‌సోనిక్ బుల్లెట్‌తో సప్రెసర్ నిజంగా నిశ్శబ్దంగా ఉంటుంది. ప్రమాదం కూడా అదే కారణంగా. మ్యాగజైన్ ఒకటే కాబట్టి చీకట్లో .300 మ్యాగజైన్ 5.56 తుపాకీలోకి పోవచ్చు. కొన్ని రౌండ్లు చాంబర్‌లో కూర్చుంటాయి కూడా. ట్రిగ్గర్ నొక్కితే పైభాగం పగిలి చేతికొస్తుంది. రెండూ ఒకే దళంలో ఉంటే మ్యాగజైన్లకి వేర్వేరు రంగు చాలదు, రాత్రి రంగు కనపడదు. చేతికి తగిలే పట్టీ చుట్టాలి.

సైటు, దాని ఎత్తు

పగలు మాత్రమే పని అయితే ఎర్ర చుక్క సైటు చాలు. ఎయిమ్‌పాయింట్ కాంప్ఎం4 ఒక్క పెన్సిల్ సెల్‌తో 80,000 గంటలు వెలుగుతుందని కంపెనీ లెక్క, అంటే ఆపాల్సిన పని లేదు. ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైటు సెల్లు వందల గంటల్లోనే తాగేస్తుంది. కానీ దాని పెద్ద వలయం, నడిమి సన్న చుక్క దగ్గరి దూరాల్లో కంటికి ఇట్టే దొరుకుతాయి, నైట్ విజన్ వెనకనుంచి ఇంకా బాగా. దాని చరిత్రలో మచ్చ ఉంది: అతి చలి, అతి వేడిలో గురి జరుగుతోందన్న విషయం దాచారన్న కేసులో 2015లో కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 25.6 మిలియన్ డాలర్లు కట్టి రాజీ పడింది. అప్పటి సైట్లు ఇంకా వాడుకలో ఉంటే, వేసవిలో జీరో చేసినదాన్ని, అంటే గురి సరిచేసినదాన్ని, చలికాలంలో మళ్లీ చూసుకోవాలి. కంటికి ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి ఎర్ర చుక్క తోకచుక్కలా కనిపిస్తుంది. అది సైటు లోపం కాదు, తీసి పడేయక్కర్లేదు.

సైటు ఎంత ఎత్తులో కూర్చుందన్నది ఎక్కువమంది పట్టించుకోరు. మామూలు మౌంట్ మీద సైటు నడిమి గీత, బ్యారెల్ నడిమి గీతకంటే 66 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. తలకి నైట్ విజన్ పెట్టుకున్నప్పుడు మెడ వంచి చెంప ఆనించడం కష్టం కాబట్టి 2.26 అంగుళాల మౌంట్లు వచ్చాయి, వాటితో తేడా 88 మిల్లీమీటర్ల దాకా పోతుంది. ఐదు మీటర్ల దూరంలో చుక్క పెట్టిన చోటికి దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు కింద తగులుతుంది. బందీ భుజం వెనక తల ఉన్నప్పుడు ఆ ఎనిమిది సెంటీమీటర్లే సర్వం. ఇంకో గండం కిటికీ గట్టు, కారు బానెట్. సైటులో దారి ఖాళీగా కనిపిస్తుంది, బ్యారెల్ మాత్రం గట్టు వెనకే ఉంటుంది. మొదటి తూటా బానెట్‌లోకి. ఎత్తు మౌంట్ ఇచ్చే ముందు వారం రోజులు అడ్డాల మీంచి కాల్చే అభ్యాసం పెట్టాలి.

దూరం కూడా చూడాలంటే ఒకటి నుంచి ఆరు రెట్లు పెంచి చూపే 1-6 పవర్ స్కోప్. బరువు అర కిలో పైన, కన్ను ఒక్క చోటే పెట్టాలి. గది, వీధి, డాబా మూడూ ఉన్న పట్టణాల్లో పనికొస్తుంది.

నైట్ విజన్: ఒకటా, రెండా, నాలుగా

మా దృష్టిలో డబ్బు ముందు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. మంచి నైట్ విజన్, మామూలు తుపాకీ ఉన్న దళం, మామూలు నైట్ విజన్, మంచి తుపాకీ ఉన్న దళాన్ని చీకట్లో గెలుస్తుంది.

పీవీఎస్-14లో వెలుగు పెంచి చూపే గొట్టం (ట్యూబ్) ఒకటే, 350 గ్రాముల చిల్లర, ఒక పెన్సిల్ సెల్. రెండో కన్ను చీకటికి అలవాటు పడి ఉంటుంది కాబట్టి దీపాలున్న వీధిలో, కాపలాలో ఇదే సుఖం. లోతు తెలియదు. మెట్టు దిగేటప్పుడు, కాలవ దాటేటప్పుడు కాలు తడబడుతుంది. పీవీఎస్-31లో రెండు గొట్టాలు, సుమారు 450 గ్రాములు. రెండు కళ్లకీ వేర్వేరు బొమ్మ కాబట్టి దూరం అంచనా తెలుస్తుంది. పాత పీవీఎస్-7లోనూ రెండు కళ్లు పెడతాం కానీ లోపల గొట్టం ఒకటే, లోతు రాదు. రెండు కళ్లూ ఉన్నాయి కదా అని దాన్ని రెండో తరగతిలో కలపకూడదు. నాలుగు గొట్టాల జీపీఎన్వీజీ-18 చూపు 97 డిగ్రీలు, మిగతా అన్నిటికీ 40. నలభై డిగ్రీలంటే దొడ్డి తలుపు సందులోంచి ఇల్లంతా చూసినట్టు. గదిలోకి వెళ్లినవాడు మూలలు చూడటానికి తల గిరగిరా తిప్పాలి. నాలుగు గొట్టాలతో ఆ బాధ లేదు. ధర సుమారు 40,000 డాలర్లు, బరువు ముప్పావు కిలో పైన, అదంతా నుదుటి ముందు వేలాడుతూ.

ఆ బరువుకి మందు హెల్మెట్ వెనక వేసే ఎదురు బరువు. బ్యాటరీ పెట్టెని వెనకే పెడితే సగం పని అవుతుంది. మిగతాది సంచీలో సీసం ముక్కలు వేసి, తల నిటారుగా ఉంచి మెడ వదులు చేసినప్పుడు హెల్మెట్ ముందుకి వాలనంత వరకు చేర్చాలి. అంతకు మించి వద్దు, మొత్తం బరువు మెడే మోస్తుంది.

ఎక్కువ ఫిర్యాదులు ఫోకస్ గురించి వస్తాయి. ముందు లెన్స్ వెలుగు లాగడానికి బాగా తెరిచి ఉంటుంది, కాబట్టి ఫోకస్ లోతు తక్కువ. దూరానికి పెడితే ఐదు మీటర్లలోపు ఉన్నవన్నీ మసక: తలుపు గొళ్లెం, చేతి గడియారం, కట్టుకట్టాల్సిన గాయం. గదిలో పనికి మధ్య దూరానికి పెట్టుకుని, దూరం కొద్దిగా మసకబారినా ఓర్చుకోవాలి. లేదా లెన్స్ ముందు చిన్న రంధ్రం ఉన్న మూత వేయాలి. లోతు పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది, అమావాస్య రాత్రి పనికిరాదు. ట్యూబ్ ఎంచుకునేటప్పుడు ప్రకటనలో ఉన్న పెద్ద అంకె కంటే సిగ్నల్‌కీ గందరగోళానికీ ఉన్న నిష్పత్తి చూడండి. వెన్నెల్లో అన్ని ట్యూబులూ బాగుంటాయి, చెట్ల కింద మబ్బు రాత్రి ఆ నిష్పత్తే తేడా చూపిస్తుంది. మూతలు లేకుండా పగటి ఎండలో లెన్స్ తిప్పితే మచ్చ పడుతుంది, పోదు.

మన దగ్గర ఈ పనికి పాత చరిత్రే ఉంది. 1926లో మచిలీపట్నంలో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఆ యూనిట్ నుంచి మన బలగాలకి నైట్ విజన్ పరికరాలు వెళ్తున్నాయి. స్వదేశీ పరికరాల్లో విడిభాగం, మరమ్మతు దగ్గర్లో దొరకడం చిన్న విషయం కాదు. విదేశీ బైనాక్యులర్‌కి చిన్న స్విచ్చి పోతే నెలల తరబడి పెట్టెలో ఉంటుంది.

తుపాకీ మీద మామూలు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పెట్టి గురి చూడటం తేలిక, భుజానికి ఎత్తకుండానే కాల్చొచ్చు. ఎదుటివాడికీ నైట్ విజన్ ఉంటే ఆ గీత మీ ముఖం దాకా దారి చూపిస్తుంది. అలాంటి చోట ఎత్తు మౌంట్ మీద సైటులోంచే చూడాలి, పైన చెప్పిన ఎనిమిది సెంటీమీటర్లు గుర్తుపెట్టుకుని.

ప్లేట్లు, హెల్మెట్

అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్ఐజే బులెట్‌ప్రూఫ్ ప్రమాణం 0101.06 ప్రకారం మెత్తని జాకెట్ మూడు-ఏ పిస్టల్ తూటాలకే. జాకెట్‌లో పెట్టే గట్టి పలకల్లో మూడో స్థాయి ప్లేటు 7.62×51 మామూలు బాల్ తూటాలు ఆరు ఆపాలి, నాలుగో స్థాయి .30-06 ఉక్కు గుండు ఉన్న తూటా ఒకటి ఆపాలి. ఇక్కడ పడే పొరపాటు ఏమిటంటే, మూడో స్థాయి పాలిథిలిన్ ప్లేటు పెద్ద 7.62ని ఆపుతుంది, ముందు ఉక్కు మొన ఉన్న చిన్న 5.56 ఎం855ని వదిలేయవచ్చు. తేలికగా ఉంది, నీళ్లలో తేలుతుంది అని మురిసిపోయే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. 2023 నవంబర్‌లో వచ్చిన 0101.07లో ఈ తూటా కోసం విడిగా ఆర్ఎఫ్2 అన్న మెట్టు పెట్టారు. మన దగ్గర 2018 నుంచి ఐఎస్ 17051 ఉంది, టెండరులో దేశీ జాకెట్ల కోసం అది చూడాలి. హైదరాబాద్ ప్రభుత్వ సంస్థ మిధాని చేసే భాభా కవచ్ జాకెట్ భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో వచ్చింది.

సిరామిక్ ప్లేటు గట్టిది, పెళుసుది. కాంక్రీటు మీద పడితే పైన గుడ్డ చెక్కుచెదరదు, లోపల పగులుతుంది. ఎక్స్‌రే తీయించే వీలు లేకపోతే పడిన ప్లేటు పక్కన పెట్టాల్సిందే. పాలిథిలిన్ పడినా ఏం కాదు, ఎండలో మూసిన జీపు డాష్‌బోర్డు మీద వదిలితే పాడవుతుంది. మే నెల రామగుండంలో ఇది ఊహ కాదు. ప్లేటు వెనక చీటీ చదవండి: కొన్నిటికి వెనక మెత్తని జాకెట్ తప్పనిసరి, ఒంటరిగా వేసుకుంటే రాసిన స్థాయి వర్తించదు.

వేసుకునేటప్పుడు ప్లేటు పై అంచు మెడ కింద గుంటకి తగలాలి. బొడ్డు దాకా జారనిస్తే గుండె పైన ఉన్న పెద్ద నాళాలు బయట ఉంటాయి. వెడల్పు చనుమొనల మధ్య దూరమంత. అంతకు మించితే తుపాకీ పిడి భుజంలో కుదరదు.

హెల్మెట్‌లో తేడాలు తక్కువ. చెవుల పైకి కోసిన ఫాస్ట్ రకం హెడ్‌సెట్‌కి, నైట్ విజన్ పట్టాలకి అనువు, పక్కల కాపు తక్కువ. ఏసీహెచ్ రకం పక్కలు ఎక్కువ కప్పుతుంది, హెడ్‌సెట్ నొక్కుతుంది. రెండూ రైఫిల్ తూటాకి హామీ ఇవ్వవు, ముక్కలకీ పిస్టల్‌కీ మాత్రమే. కశ్మీర్‌లో పుట్టిన మన పట్కా హెల్మెట్ నుదుటికి ఏకే తూటా నుంచి కాపు ఇస్తుంది, నెత్తి తెరిచి ఉంటుంది, రెండు కిలోల పైనే. నైట్ విజన్ పెట్టే వీలు లేకపోవడంతో రాత్రి దాడి దళాలకి అది సరిపడదు, పగటి తనిఖీకి సరిపోతుంది.

చివరగా సామాను అంతా ఒంటి మీద వేసుకుని బోర్లా పడుకోమనండి. వెనక ప్లేటు ఎత్తుగా ఉంటే హెల్మెట్ వెనక అంచుని తోసి ముందుకి నెడుతుంది, నైట్ విజన్ ముక్కు మీదికి దిగి సైటు కనపడదు. ప్లేటు రెండు వేళ్లు దించితే సరిపోయినా సరే, సరిపోక వెనక తక్కువ కోత ఉన్న హెల్మెట్ మార్చాల్సి వచ్చినా సరే, అది గిడ్డంగిలోనే తేలాలి.